గోలకొండ గుమ్మటముల తోట: దాని పూర్వచరిత్రయు జీర్ణోద్ధారణమును

గత శీతకాలమున మన పాఠశాల పై తరగతుల విద్యార్థులను కొందఱిని వెంటబెట్టుకొని మేము హైదరాబాదు నగరమునకు విహారయాత్ర పోయివచ్చితిమి. చార్మినారును, సాలార్‌జంగు ప్రదర్శనశాలను, గోలకొండకోటను చూచితిమి. తిరిగివచ్చిన పిమ్మట, మీకన్నిటికంటె నచ్చినదేది యని తరగతిలో అడుగగా, పిల్లలలో పెక్కుమంది కోటనుగాని చార్మినారునుగాని చెప్పక, కోటకు ఉత్తరమున నున్న గుమ్మటముల తోటను చెప్పిరి. కారణమేమని మరల నడిగితిమి. ఒక బాలిక లేచి, "మేష్టారూ, తక్కినచోట్ల పాతవాటిని చూశాం. అక్కడ పాతవాటిని ఎలా బాగుచేస్తారో కూడా చూశాం" అని చెప్పెను. ఆ మాట మా మనస్సున నిలిచిపోయినది. యాత్రకు రాలేకపోయిన బాలబాలికల కొఱకును, వారి తలిదండ్రుల కొఱకును ఆ తోట చరిత్రమును, అది శిథిలమైన విధమును, మరల బాగుపడిన విధమును ఇచ్చట వివరించుచున్నాము.

మనకును గోలకొండకును గల సంబంధము

ఎక్కడి గోలకొండ, ఎక్కడి శ్రీకాకుళము అని కొందఱు తలంపవచ్చును. కాని చరిత్రమున ఈ రెండూళ్లకును దగ్గఱి చుట్టఱికము కలదు. పూర్వము శ్రీకాకుళమును చికాకోలు అనుచుండిరి. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీ సుల్తానులు ఈ ప్రాంతమునకు ఫౌజుదారుని పంపి, చికాకోలును అతనికి నివాసపట్టణముగా నేర్పఱచిరి. శ్రీకాకుళములో నేటికిని నిలిచియున్న జామియా మసీదును 1641వ సంవత్సరమున కట్టించిన షేర్ మహమ్మదుఖాను, అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు ఫౌజుదారు. 1652వ సంవత్సరమున ఆ షేర్ మహమ్మదుఖాను పరివారముతో ఈ సీమకు వచ్చిన పూసపాటి మాధవవర్మ వంశమువారే తరువాత విజయనగర సంస్థానాధిపతులైరి. ఆ వంశమువారు 1713వ సంవత్సరమున విజయనగరము కోటకు శంకుస్థాపన చేసిరి. కావున గుమ్మటముల తోటలో అబ్దుల్లా కుతుబ్‌షా గోరీ యెదుట నిలిచిన మన పిల్లలతో, "ఇతని ఫౌజుదారు వెంట వచ్చినవారే మన ఊరి కోట కట్టించిన వంశమువారు" అని చెప్పగలిగితిమి. అంతవఱకు అటునిటు చూచుచుండినవారు ఆ మాటతో దగ్గఱకు జరిగిరి.

తోట యుండు చోటు

గోలకొండకోట ఉత్తరభాగమున బంజారా దర్వాజా యను ద్వారము కలదు. ఆ ద్వారమునకు సుమారొక కిలోమీటరు దూరమున ఈ తోట యున్నది. దీని వైశాల్యము 106 ఎకరములు. జనులు దీనిని సాత్ గుంబజ్, అనగా ఏడు గుమ్మటములు, అని పిలుచుట వాడుక. నిజమునకు ఇందు గోరీలే నలువదికి తక్కువ గాకుండ నున్నవి. ఇవిగాక ఇరువదికి పైబడిన మసీదులును, ఆరేడు దిగుడుబావులును, శవమునకు స్నానము చేయించుటకై కట్టిన హమ్మామును, మంటపములును, తోటగోడలును కలవు. ఒక రాజవంశమువారును, వారి రాణులును, బిడ్డలును, వైద్యులును, ఆశ్రితులును ఒకే తోటలో ఇట్లు విశ్రమించియుండుట లోకమున అరుదు. చుట్టును నగరము పెరిగి మేడలు లేచినను, లోపల అడుగిడిన క్షణముననే రణగొణధ్వని తగ్గి పక్షుల కూతలు వినవచ్చును.

నూటడెబ్బది యేండ్ల చరిత్ర

కుతుబ్‌షాహీ వంశము 1518 మొదలు 1687వ సంవత్సరము వఱకు గోలకొండ నేలెను. వంశకర్తయైన సుల్తాన్ కులీ 1543వ సంవత్సరమున ఘాతకునిచేత చంపబడి ఈ తోటలో పాతిపెట్టబడెను. అతని గోరీ చిన్నది, నిరాడంబరమైనది. తరువాతి రాజుల గోరీలు ఒకదానికంటె నొకటి పెద్దవి. వీనిలో పెక్కింటికి అడుగున చదరపు కట్టడము, చుట్టును కమానుల వరుస, పైని ఉల్లిగడ్డ ఆకారముగల గుమ్మటము, గుమ్మటపు మొదట తామరఱేకుల వంటి అల్లిక యుండును. రాతిపని యంతయు నల్లరాయి. దానిమీది పూతయు, లతలును, తీగెలును సున్నముతో చేసినవి. కొన్నిచోట్ల పూర్వము పొదిగిన రంగు పలకల తునుకలు నేటికిని కనబడును.

ఆ రాజులలో రెండవ తరమునాటి ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగువారు మరువరానివాడు. అతడు రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగర సామ్రాజ్యమున అళియ రామరాయల కొలువులో తలదాచుకొనెను. అచ్చట తెలుగు వాఙ్మయమున రుచి మరగి, 1550వ సంవత్సరమున సింహాసన మెక్కిన పిమ్మట తెలుగు కవుల నాదరించెను. కవులు ఇతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. అతని అధికారియైన అమీనుఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అచ్చతెనుగున వ్రాసి అంకితమిచ్చెను. మన ఉన్నతపాఠశాల విద్యార్థులు తెలుగు పాఠములలో చదువుకొను ఈ పేళ్లకు ఆ తోటలో ఒక గుమ్మటము సాక్షిగా నిలిచియున్నది.

ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ 1591వ సంవత్సరమున హైదరాబాదు నగరమును నిర్మించెను. అతడు 1612వ సంవత్సరమున మరణించెను. తోటలోని గోరీలలో గంభీరతయందు అతనిదే మేటి యని చూచినవారందఱు నందురు. అది ఎత్తైన అరుగుమీద, రాతి స్తంభముల వసారాతో నిలిచియున్నది. అతని కుమార్తె హయాత్ బక్షీ బేగము తండ్రి కాలమును, భర్తయైన సుల్తాన్ మహమ్మదు కాలమును, కుమారుడైన అబ్దుల్లా కాలమును చూచిన దీర్ఘాయుష్మంతురాలు. 1667వ సంవత్సరమున ఆమె మరణించెను. హైదరాబాదు దగ్గఱ హయత్‌నగరము ఆమె పేరిటిదే. రాజుల గోరీలకు తీసిపోని గోరీ ఆమెకును కలదు. దాని ప్రక్క 1666వ సంవత్సరపు పెద్ద మసీదు ఉన్నది.

ఆ దినములలో ఈ తోట కేవలము శ్మశానము గాదు. వజ్రముల వ్యాపారమునకై గోలకొండకు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు ఈ గోరీలను చూచి వ్రాసినదానిని బట్టి, సాయంకాలమున అచ్చటికి వచ్చిన బీదలకందఱకు రొట్టెయు పలావును పంచిపెట్టుచుండిరని తెలియుచున్నది. చెట్లనీడయు, బావినీరును, అన్నమును ఆ తోట అందఱకు నొసగుచుండెను. ఊరి ఉద్యానవనము చేయవలసిన పని అదియే గదా!

శిథిలమైన విధము

1687వ సంవత్సరమున ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించి గోలకొండను పట్టుకొనెను. తుది సుల్తానైన అబుల్ హసన్ తానాషా ఖైదీగా దౌలతాబాదునకు తీసికొనిపోబడి అచ్చటనే మరణించెను. భద్రాచల రామదాసు చరిత్రమున మనమెఱిగిన తానాషా ఇతడే. పూర్వీకుల తోటలో విశ్రమించు భాగ్యము అతనికి లేకపోయెను. రాజవంశము పోగానే గోరీలకు కావలివారును, దీపము పెట్టువారును లేకపోయిరి. గుమ్మటముల పగుళ్లలో రావిమొక్కలు మొలచెను. బావులు పూడిపోయెను. తోటగోడలు మట్టిలో కలిసిపోయెను. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము మంత్రియైన సాలార్‌జంగు కొన్ని మరమ్మతులు చేయించి, తోట వేయించి, ప్రహరీగోడ కట్టించినట్లు చెప్పుదురు.

ఇంతవఱకు అశ్రద్ధవలన కలిగిన నష్టము. తరువాత కలిగినది వేఱువిధమైన నష్టము. బాలబాలికలు దీనిని శ్రద్ధగా గమనింపవలెనని కోరుచున్నాము. ఇరువదవ శతాబ్దమున ఈ కట్టడములను కాపాడవలెనను సదుద్దేశముతో గోడలపై సిమెంటు పూసిరి. రాలిన సున్నపు పూత చోట సిమెంటు, పగిలిన చోట సిమెంటు, కారుచున్న కప్పుమీద సిమెంటు. చూచుటకు గోడ నున్నగా, గట్టిగా కనబడెను. కాని కొన్ని సంవత్సరములలో లోపలి రాయియు సున్నమును మునుపటికంటె త్వరగా పాడగుట మొదలిడెను. ఉపకారము చేయబోయి అపకారము చేసినట్లాయెను. ఇది ఎట్లు జరిగినదో తెలిసికొనవలెనన్న సున్నపు స్వభావము కొంచెము తెలియవలెను.

సున్నమును సిమెంటును

సున్నపురాతిని బట్టీలో పెట్టి కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. మన సముద్రతీరపు గ్రామములలో గుల్లలను కాల్చి చేయు గుల్లసున్నమును ఇట్టిదే. దీనిపై నీరు పోసినచో బుసబుస పొంగి, వేడెక్కి, తడిసున్నమగును. దానిని చాలదినములు నీటిలో నానవైచి, ఇసుక కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో మెత్తగా నూరుదురు. అందుకే దానికి గానుగసున్నమని పేరు. పూర్వపు పనివారు అందులో బెల్లపునీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు, మారేడుపండు గుజ్జు మొదలగునవి కలిపి జిగినిచ్చుచుండిరి. ఇట్టి సున్నమును గోడకు పూసినపుడు అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా మరల పీల్చుకొని తిరిగి రాయి యగును. రాయి సున్నమగుట, సున్నము మరల రాయి యగుట: ఇది రసాయనశాస్త్రమున చూడదగిన చక్కని చక్రము.

సున్నపు పూతకు సన్నని రంధ్రములుండును. వానలో గోడ కొంత నీరు పీల్చినను, ఎండ వచ్చినపుడు ఆ నీరు ఆవిరియై అదే దారిని బయటికి పోవును. గోడ ఊపిరి పీల్చి విడుచుచున్నట్లు భావింపుడు. సిమెంటన్ననో, 1824వ సంవత్సరమున జోసెఫ్ ఆస్ప్డిన్ అను ఇంగ్లీషు మేస్త్రి పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందినది మొదలు లోకమునకు ఎంతయో ఉపకారము చేసిన వస్తువు. ఆనకట్టలకును, వంతెనలకును, నేటి ఇండ్లకును అది తగినది. కాని పాత సున్నపు గోడమీద దానిని పూసినపుడు నీరు బయటికి పోవు దారి మూసికొనిపోవును. పగుళ్లగుండ లోన చొరబడిన నీరు అచ్చటనే నిలిచి, లవణములను కరగించి, ఎండినపుడు ఆ లవణములు స్ఫటికములై రాతిపొరలను లోపలనుండి పెకలించును. అదిగాక సున్నము ఎండకు వానకు కొంచెము సాగి ముడుచుకొనగలదు. సిమెంటు అంతగా సాగదు, పగులును. ఆ పగులులోనుండి మరల నీరు దిగును. పైకి గట్టిగా నున్న గోడ లోపల గుల్లయగుట ఇట్లే.

జీర్ణోద్ధారణము

2013వ సంవత్సరమున అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును, ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థకును ఒడంబడిక జరిగి ఈ తోట జీర్ణోద్ధారణము ప్రారంభమైనది. మఱుచటి సంవత్సరమున రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము దానిని కొనసాగించినది. పదేండ్లకు పైగా సాగిన ఈ పని ముగిసిన సందర్భమున 2024వ సంవత్సరము జూలై 28వ తేదీన ఉత్సవము జరిగినది. కేంద్రప్రభుత్వపు సాంస్కృతిక శాఖయు, టాటావారి ధర్మనిధియు, తారామతి ప్రేమామతుల గోరీల విషయమున అమెరికా రాయబారుల నిధియు ధనసహాయము చేసినవి.

పని ఏ క్రమమున జరిగెనో వినుడు. మొట్టమొదట తాపీ పట్టలేదు. ప్రతి కట్టడమును కొలిచి, పటములు గీచి, చిత్రములు తీసి, ఎచ్చట పాత పని, ఎచ్చట క్రొత్త పూత యని గుర్తించిరి. వైద్యుడు నాడి చూడక మందీయడు గదా! తరువాత ఇరువదవ శతాబ్దపు సిమెంటును ఉలితో మెల్లగా చెక్కి తీసివేసిరి. ఈ పని చాల ఓపికతో కూడినది; తొందరపడినచో సిమెంటుతోబాటు అడుగుననున్న పాతపనియు ఊడివచ్చును. అప్పుడు గానుగసున్నముతో మరల పూత పూసి, రాలిపోయిన లతలను తీగెలను మిగిలియున్న వానిని మాదిరిగా చేసికొని చేతితో తీర్చిరి. తండ్రితాతలనాడు నేర్చిన విద్య మూలబడియున్న మేస్త్రులకు ఈ పదేండ్లును చేతినిండ పని దొరకెను. వారియొద్ద పడుచువారు పని నేర్చుకొనిరి. గోడలు బాగుపడుటకంటె, ఆ విద్య నశింపక నిలుచుట గొప్పలాభమని మా అభిప్రాయము.

దిగుడుబావుల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. దిగుడుబావి యనగా చేదతో తోడుకొను బావి గాదు. మెట్లవెంట నీటివఱకు దిగిపోవు బావి. తోటలోని పెద్దబావి పూడిక నిండియుండగా, 2013వ సంవత్సరమున కురిసిన పెద్దవానలకు దాని ప్రక్కగోడ ఒకటి కూలిపడెను. దానిని విడిచిపెట్టి ముండ్లకంచె వేయుట సులభము. అట్లు చేయక, కూలిన రాళ్లను వెలికితీసి, పూడిక యెత్తి, గోడను మరల కట్టిరి. ఇతర బావులనుగూడ శుభ్రపఱచి, వాననీరు వానిలోనికి చేరు కాలువలను తెఱచిరి. ఆ నీరే నేడు తోటలోని చెట్లకు ఉపయోగపడుచున్నది. నగరములలో నీటికటకట నానాటికి పెరుగుచుండ నాలుగువందల యేండ్లనాటి బావులు మరల నీరిచ్చుట చూచి మన పిల్లలు ఆశ్చర్యపడిరి. గోలకొండ దిగుడుబావుల జీర్ణోద్ధారణమునకు 2022వ సంవత్సరమున యునెస్కోవారు ఆసియా పసిఫిక్ దేశములకు సంబంధించిన పురస్కారములలో విశిష్ట పురస్కార మొకటి యిచ్చిరి.

ఒక సందేహము

ఈ విషయమున భిన్నాభిప్రాయములు లేకపోలేదు. శిథిలములను శిథిలములుగనే నిలుపవలెను, రాలిన పూవును మరల చేసి యతికించినచో చరిత్రమును దిద్దినట్లగును అని కొందఱు పండితులందురు. ఆ వాదమును త్రోసివేయరాదు. తెలియనిదానిని ఊహించి కట్టుట తప్పే. కాని ఒక గోడమీద తొమ్మిది లతలు నిలిచి పదవది రాలినపుడు, ఆ తొమ్మిదింటిని చూచి పదవదానిని తీర్చుట ఊహ గాదు. మఱియు కప్పుపూత లేని గుమ్మటమును అట్లే విడిచినచో వాన దానిని విడువదు. మిగిలియున్నదానిని నిలుపుటకే పోయినదానిని కొంత తీర్చవలసివచ్చును. ఎంతవఱకు తీర్చవలెనో తెలిసికొనుటయే ఈ విద్యలో కష్టమైన భాగమని మాకు తోచినది.

ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థవారే ఢిల్లీలో హుమాయూన్ సమాధి తోటను 2003వ సంవత్సరమున బాగుచేసి నీటికాలువలను మరల పాఱించిరి. ఆ ప్రక్కనే యున్న సుందర్ నర్సరీ యను తొంబది యెకరముల తోటను 2018వ సంవత్సరమున ప్రజలకు తెఱచిరి. ఈజిప్టు దేశమున కైరో నగరమునందు శతాబ్దములుగా చెత్తపోసిన దిబ్బను 2005వ సంవత్సరము నాటికి అల్ అజ్హర్ ఉద్యానవనముగా మార్చిరి. ఆ దిబ్బను త్రవ్వునపుడు అడుగున నగరపు పాతకోటగోడ బయటపడినది. ఊరు తాను పాఱవేసిన చెత్త క్రిందనే తన చరిత్రమును దాచిపెట్టుకొనియుండెను.

మేము నేర్చుకొన్న పాఠము

తోటలో నడచుచుండగా జరిగిన ఒక సంగతిని దాచక చెప్పవలెను. మనవారిలో ఒక బాలుడు వసారా గోడమీద అర్ధరూపాయి నాణెముతో తన పేరు గీయబోయి రెండక్షరములు గీచెను. సమీపమున చిన్న మరమ్మతు చేయుచున్న ముసలి మేస్త్రి ఒకడు చూచి దగ్గఱకు వచ్చెను. కోపపడునని మేమనుకొంటిమి. అతడు కోపపడలేదు. బాలుని చేయిపట్టి తన సున్నపు తొట్టియొద్దకు తీసికొనిపోయి, వ్రేలితో సున్నము ముట్టించి, "ఇది నెలల తరబడి నానింది బాబూ. నువ్వు గీసినది పూడ్చాలంటే చారెడు చాలు. ఆ చారెడు తయారవడానికి మాత్రం అన్ని నెలలూ పట్టాయి" అని చెప్పెను. బాలుడు తలవంచుకొనెను. తిరుగుప్రయాణమున రైలులో అతడు మాటాడలేదు. అతని పేరు ఇచ్చట వ్రాయుట లేదు. ఆ గోడమీద నున్న రెండక్షరములే చాలును.

ఆ బాలుని మందలింపవలసిన మేమే అంతకంటె పెద్ద తప్పు చేసియున్నామని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మన పాఠశాల పాతభవనపు ఉత్తరపు వసారాగోడను విద్యార్థులందఱు నెఱుగుదురు. పూర్వులు గుల్లసున్నముతో కట్టిన గోడ అది. పండ్రెండేండ్ల క్రిందట అచ్చటచ్చట పూత రాలుచుండగా, సిమెంటు పూయించినచో శాశ్వతముగా నుండునని కమిటీవారికి చెప్పి ఒప్పించినది మేమే. మొదటి రెండేండ్లు గోడ అద్దమువలె నుండెను. నేడు మోకాలెత్తువఱకు తెల్లని ఉప్పు పొంగి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుచున్నది. వానతో ఇటుకపొడియు రాలుచున్నది. వానలవలననే యిట్లయినదని ఇంతకాలము అనుకొంటిమి. గోలకొండలో ఆ మేస్త్రి తొట్టియొద్ద నిలుచున్నప్పుడు మాకు కారణము తెలిసినది. పిల్లల యెదుట ఒప్పుకొనుటకు కొంచెము సిగ్గుపడితిమి, కాని ఒప్పుకొంటిమి.

మన చుట్టును చూడుడు. ఎన్నియో పాతగుడులకును, మసీదులకును, చర్చీలకును, కచ్చేరీలకును భక్తితోను గౌరవముతోను సిమెంటు పూయుచున్నారు. ఎన్నియో ఊళ్లలో పాతబావులను చెత్తకుండీలుగా చేయుచున్నారు. విజయనగరమునకు పెద్దచెఱువును, కోటయు, గంటస్తంభమును ఎట్లు అలంకారములో, శ్రీకాకుళమునకు నాగావళి యొడ్డును జామియా మసీదును అట్లే అలంకారములు. వీనికి హాని చేయుటకు శత్రువులు రానక్కఱలేదు. తెలియకచేసిన ఉపకారము చాలును. గోలకొండ తోట మూడువందల యేండ్లు అశ్రద్ధను ఓర్చుకొని నిలిచినది. కొన్ని దశాబ్దముల అజ్ఞానపు మరమ్మతులను తొలగించుటకు మాత్రము పదేండ్ల శ్రమ పట్టినది. కావున పాతదానిని బాగుచేయ నెంచువాడు ముందుగా అది యెట్లు చేయబడినదో తెలిసికొనవలెను. తెలియనిచో, తెలిసినవారిని వెదకవలెను. దొరకువఱకు చేయి పెట్టకుండుటయే మంచిది.

జీర్ణోద్ధారణము ముగిసినంతమాత్రమున తోట క్షేమమని తలంపరాదు. గుమ్మటముమీద ఏటేట మొలచు రావిమొక్కను చిన్నదిగా నుండగనే పెకలించువాడు కావలెను. బావిలోని పూడికను ఏటేట తీయువాడు కావలెను. ఆ చిన్నపనులు మానివేసిననాడు పదేండ్ల శ్రమయు పదేండ్లలోనే మట్టిపాలగును. తాళములును బీగములును అప్పగించుటకు ఒక దినము చాలును; కాపాడుటకు ప్రతిదినమును కావలెను.

ఇక మన గోడ మాట. తలిదండ్రులలో ఒకరి సహాయమున సమీపగ్రామమున గానుగసున్నపు పని నేటికిని ఎఱిగిన వృద్ధ మేస్త్రి యొకని జాడ తెలిసినది. వేసవి సెలవులలో సిమెంటు తొలగించి, గోడను పూర్తిగా ఆరనిచ్చి, సున్నపు పూత పూయించుటకు కమిటీవారు సమ్మతించిరి. సున్నము నానవేయుట మాత్రము ఇప్పటినుండియే మొదలు కావలెను. ప్రయోగశాల వెనుక తొట్టి సిద్ధమైనది. సున్నము రాయి యగుట పుస్తకమున చదివిన విద్యార్థులు శనివారపు మధ్యాహ్నములందు అచ్చటికి వచ్చి చూడవచ్చును. చేయి వేయదలచినవారు పెద్దలయొద్ద సెలవు తీసికొని రావలెను. సున్నము కన్నులలో పడకుండ జాగ్రత్తపడవలెను. నాణెముతో రెండక్షరములు గీచిన బాలుడు తొట్టికి నీరు మోయుటకు తన పేరు అందఱికంటె ముందుగా ఇచ్చియున్నాడు.